మూడో కన్నం వెనక వైరుందా?

బెజవాడలో కొత్త ఇల్లు కట్టేవారు మీటరు బోర్డు ఆగ్నేయంలోనే ఉండాలని పట్టుబడతారు. సిద్ధాంతిని రెండుసార్లు పిలిపించి గోడ మీద సుద్దముక్కతో గీత గీయిస్తారు. ఎవరి నమ్మకం వారిది. ఆ బోర్డు నుంచి వంటింటికి వెళ్లిన వైరు ఎంత లావుది, ఎర్త్ వైరు నిజంగా భూమిలోకి దిగిందా అని మాత్రం గృహప్రవేశం నాడు అడిగేవారు ఉండరు.

గీజర్ సాకెట్ ఒకటి విప్పించి చూడండి. కింది రెండు కన్నాల వెనక వైర్లు బిగించే ఉంటాయి. పైనున్న పెద్ద కన్నం ఎర్త్‌ది, దాని వెనక స్క్రూ చాలా ఇళ్లలో కొత్తగా మెరుస్తూ కనిపిస్తుంది, ఎందుకంటే దానికి వైరే తగల్లేదు. కొన్నిచోట్ల ఇంకా ఘోరం. చిన్న వైరు ముక్కతో దాన్ని న్యూట్రల్‌కు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుకు కలిపేస్తారు. అలాంటి ఇంట్లో న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే ఫ్రిజ్ తలుపులోకి, వాషింగ్ మెషిన్ రేకులోకి 230 వోల్టులు పాకుతాయి. తడి చేత్తో ముట్టుకున్న మనిషే అప్పుడు ఎర్త్ అవుతాడు.

రూల్స్ లేక కాదు. ఇంటి వైరింగ్ ఎలా చేయాలో, ఎలా పరీక్షించాలో ఐఎస్ 732 అనే భారత ప్రమాణం చెబుతోంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చి, 2023లో తిరగరాసిన భద్రతా నిబంధనల ప్రకారం వైరింగ్ లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయాలి. కనెక్షన్ ఇచ్చే ముందు సరఫరా సంస్థ (డిస్కం) స్వయంగా పరీక్షించాలి, లేదా కాంట్రాక్టర్ సంతకం చేసిన పరీక్ష ఫలితాలను అంగీకరించాలి. ఆ ‘లేదా’ దగ్గరే కథ అడ్డం తిరుగుతోంది. పని చేసేది ఒకరు, సంతకం పెట్టేది ఇంటి గుమ్మం కూడా తొక్కని మరొకరు. ఇంటాయనకు ఆ కాగితం దరఖాస్తుకు జత చేసే ఇంకో జిరాక్స్, అంతే.

నిజమైన పరీక్ష ఒక పూట పని. మెగ్గర్ అనే కొలత పరికరంతో 500 వోల్టులు పంపి, వైర్లకూ ఎర్త్‌కూ మధ్య ఇన్సులేషన్, అంటే కరెంటు కారకుండా ఆపే అడ్డు, కనీసం ఒక మెగా ఓమ్ ఉందో లేదో చూడాలి. ప్రతి సాకెట్‌కూ ఎర్త్ తెగకుండా అందిందా, స్విచ్ ఫేజ్ మీదే, అంటే కరెంటు వచ్చే వైరు మీదే ఉందా అని చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన సింగ్ నగర్ ఇళ్లనే తీసుకోండి. నీరు తీశాక నాలుగెండలకు గోడ ఆరినట్టే ఉంటుంది. స్లాబ్ పైపుల్లో, బోర్డు డబ్బాల్లో మిగిలిన తేమ సంగతి మెగ్గర్ చెప్పాలి తప్ప అరచేయి చెప్పలేదు.

ఇక వేసవి. గుంటూరు బ్రాడీపేటలోనైనా, బెజవాడ కృష్ణలంకలోనైనా ఫ్యాను, ట్యూబులైటు కోసం లాగిన పాత వైరు మీదే ఏసీ ఎక్కుతోంది. లోడు మించితే లైను తెంచే స్విచ్, ఎంసీబీ, పడిపోతుంది. అది పడిపోవడం రోగం కాదు, హెచ్చరిక. మనవాళ్లు వైరు మార్చరు, అంతకన్నా పెద్ద ఎంసీబీ పెట్టేస్తారు. అప్పటి నుంచి కాలేది వైరే, అదీ గోడ లోపల.

ఆర్సీసీబీ సంగతీ ఇంతే. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే లైను తెంచేసే పరికరం అది. ఇన్వర్టర్ న్యూట్రల్‌ను మెయిన్ న్యూట్రల్‌తో కలగాపులగం చేస్తే ఊరికే పడిపోతుంది. తప్పు వెతకడానికి ఓపిక లేక దాన్ని పక్కన పెట్టి డైరెక్ట్ కలిపేస్తారు. బోర్డులో డబ్బా ఉంటుంది, కాపలా ఉండదు.

ఎలక్ట్రీషియన్ ఒక్కడినే తిట్టి లాభం లేదు. పాయింటుకు ఇంతని బేరమాడి తగ్గించేది మనమే, సీలింగ్ లైట్లకు లెక్క చూడకుండా ఖర్చు పెట్టేదీ మనమే. పరీక్షకు విడిగా డబ్బివ్వమంటే ముఖం చిట్లిస్తాం.

కొలతలు లేని పరీక్ష పత్రాన్ని డిస్కంలు తిప్పి పంపాలి. ఇన్సులేషన్ ఎన్ని మెగా ఓములు, ఎర్త్ ఎన్ని ఓములు, ఆర్సీసీబీ ఎంతకు పడింది అన్న అంకెలు అందులో ఉండాలి. ఒక ప్రతి ఇంటి యజమానికి ఇవ్వాలి. వచ్చిన పత్రాల్లో కొన్నింటినైనా సిబ్బంది ఇంటికెళ్లి మళ్లీ కొలవాలి. అంకె తేడా వస్తే ఆ సంతకానికి లైసెన్స్ ఉండకూడదు. అపార్టుమెంట్లలో బిల్డర్ తాళాలతో పాటే ఈ కాగితమూ అప్పగించాలి, ఏ గదికి ఏ వైరు వెళ్లిందో చూపే డ్రాయింగ్‌తో సహా. మేకు కొట్టే ముందు చూసుకోవడానికైనా అది పనికొస్తుంది.

అప్పటిదాకా, మీ బోర్డులో ఆర్సీసీబీ ఉంటే దాని మీది ‘టి’ మీట ఓసారి నొక్కండి. టక్కున పడాలి. పడకపోతే రేపే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పడినా సాకెట్ విప్పించి చూడాల్సిందే, ఆ మీట పనిచేయడానికి ఎర్త్ వైరుతో పని లేదు.