కర్ర కుక్కల కోసమే

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మా క్లబ్బు కదిలింది. పండగ పూట పొద్దున్న 7:30కి బ్రేక్‌ఫాస్ట్ మీటింగు, అంశం 'ఆరోగ్యకరమైన వృద్ధాప్యం', స్థలం విజయనగరం కోటకి కూతవేటు దూరంలో ఉన్న ఒక కల్యాణ మండపం. వాట్సాప్‌లో వచ్చిన పిలుపు కింద 'కనుమ ప్రత్యేకం: మినప గారెలు, నాటుకోడి కూర' అని కూడా ఉంది. వృద్ధాప్యం మీద మా సభ్యులకి ఇంత ఆసక్తి ఉందని నాకు ఆ రోజే తెలిసింది. 43 మందిలో 41 మంది వచ్చారు. రాని ఇద్దరిలో ఒకాయన అమెరికాలో కొడుకు దగ్గరున్నారు. రెండో ఆయన వెనకాల వంటలు చూసుకుంటున్నారు కాబట్టి వచ్చినట్టే లెక్క.

ఏడున్నర అంటే తొమ్మిదీ పది. ఈ లెక్క తెలియని ఒకే ఒక్క మనిషి మా ముఖ్య వక్త. వృద్ధుల వైద్యుడు, విశాఖపట్నం నుంచి 60 కిలోమీటర్లు కారు నడుపుకుంటూ 7:25కే దిగాడు. కుర్రాడు, నలభై ఉంటాయేమో. పాపం, గంటన్నర పైగా గారెల మూకుడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ప్రెసిడెంటుగారు గంట కొట్టారు. మా క్లబ్బులో గంట కొట్టకపోతే ఏదీ మొదలవదు. కొట్టినా మొదలవదు. ముందు వేదిక మీదికి పిలుపులుంటాయి. మాకు తొమ్మిది మంది పాస్ట్ ప్రెసిడెంట్లు. ఒకరిని పిలిచి ఇంకొకరిని మరిచిపోతే పెరిగే బీపీకి ఏ మందుల షాపులోనూ మాత్ర లేదు. అంచేత తొమ్మండుగురినీ పిలిచి, అందరికీ బొకే ఇచ్చి, శాలువా కప్పాం. కప్పించుకునేవారు లేవాలి, కప్పేవారు లేవాలి, ఫోటో కోసం పక్కనున్నవారూ లేవాలి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, కండ బలం కోసం రెండు రోజులు, తూలిపడకుండా ఉండే అభ్యాసానికి మూడు రోజులు పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కండ బలం సంగతి మేం శాలువాలతోనే తేల్చేశాం.

తర్వాత ఒక పాస్ట్ ప్రెసిడెంటుగారు మైకు అందుకున్నారు. మన వీరఘట్టంలో పుట్టి, ఈ విజయనగరంలోనే వ్యాయామ పాఠాలు చెప్పి, గుండెల మీద ఏనుగుని మోసిన కోడి రామ్మూర్తి నాయుడుగారు మనకి ఆదర్శం అన్నారు. చప్పట్లు కొట్టాం. రామ్మూర్తిగారు శాకాహారి అన్న సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి కోడికూర తాలింపు వాసన వస్తోంది. వక్తకి సమయస్ఫూర్తి అంటే అదీ.

ఆయన వెనకాల ఫ్లెక్సీ మీద '2021–2030: ఐక్యరాజ్యసమితి ఆరోగ్యకర వృద్ధాప్య దశాబ్దం' అని రాసి ఉంది. దశాబ్దం సగం అయిపోయాక మొదలెట్టామేమిటని ఒక కొత్త సభ్యుడు అడిగాడు. "ఇంకా బోల్డు టైముంది, ఇక్కడ ముసలివాళ్లు ఎవరున్నారని?" అన్నారు ట్రెజరర్‌గారు. ఆయనకి 74.

ఆ మాటలో వెటకారమేమీ లేదు. మా క్లబ్బులో నిజంగానే ముసలివాళ్లు లేరు. వృద్ధాప్యం మేం ఇతరులకి పంచిపెట్టే వస్తువు. దుప్పట్లు, అరటిపళ్లు పంచినట్టే ఏటా కొంత పంచుతాం, మిగిలితే స్టోర్ రూములో పెడతాం. డాక్టరుగారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. లేస్తూనే "ఈ వయసులో మీరంతా..." అన్నాడు. హాలంతా చల్లబడిపోయింది. సెక్రటరీగారు ఒక చీటీ రాసి పంపారు. అది చదువుకుని ఆయన "యువ మిత్రులారా" అని మళ్లీ మొదలెట్టాక గానీ ఎవరి మొహంలోనూ కళ రాలేదు.

అలాగని చట్టాన్ని ధిక్కరించేవాళ్లం కాదు. 60 నిండితే వయోవృద్ధులేనని 2007 నాటి చట్టం చెబుతోంది, దాన్ని ఎక్కడ పాటించాలో అక్కడ పాటిస్తాం. బ్యాంకులో డిపాజిట్ వేసేటప్పుడు పైన వచ్చే అర శాతం వడ్డీ దగ్గర మేం పండు ముసలివాళ్లం. 2020 మార్చి దాకా రైల్వే కౌంటర్ దగ్గర కూడా అంతే. 60 దాటిన మగవాళ్లకి టికెట్టులో 40 శాతం తగ్గేది, 58 దాటిన ఆడవాళ్లకి సగానికి సగం. ఆ రాయితీ ఎత్తేశాక రైల్లో ముసలివాళ్లుగా ఉండాల్సిన అవసరం తీరిపోయింది. నా వరకు నేను ఆ ఏడాదే జుట్టుకి రంగు మొదలెట్టాను.

డాక్టరుగారి ప్రసంగం 40 నిమిషాలనుకున్నది పది నిమిషాలకి కుదించాం. శాలువాలు కుదించలేం కదా. ఉప్పు రోజుకి ఐదు గ్రాములు దాటొద్దన్నాడు. ముప్పైలు దాటిన దగ్గర్నుంచీ కండ కరుగుతూనే ఉంటుంది, అరవై తర్వాత జోరెక్కుతుంది, కాబట్టి పప్పు, గుడ్డు, చేప మానొద్దన్నాడు. చోడి అంబలి, అదే రాగి అంబలి, మంచిదన్నాడు. ఈ చోడి అంబలి దగ్గర నా మనసు కాస్త చివుక్కుమంది. రోజూ అంబలి తాగే బతుకు నాకు వద్దనే మా నాన్న రెండెకరాలు తాకట్టు పెట్టి చదివించాడు. ఉద్యోగమంతా చేసి, రిటైరై, ఫీజిచ్చి మరీ పిలిపించుకున్న డాక్టరు నోట మళ్లీ అదే మాట విన్నాను. ఇప్పుడది మిల్లెట్. ప్యాకెట్లో వస్తుంది.

చివర్లో ఆయన ఒక పరీక్ష పెట్టాడు. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడాలి. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల వాళ్లు 1,700 మందికి ఇదే పరీక్ష పెట్టి, కొన్నేళ్లపాటు వాళ్ల బాగోగులు గమనించి 2022లో లెక్క ప్రకటించారట. నిలబడలేనివాళ్లలో చావులు ఎక్కువగా కనిపించాయట. గారెల వాసన మధ్య చెప్పదగ్గ కబురు కాదు. అయినా పంతం కొద్దీ లేచాం.

నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. గరిమనాభి నుంచి గీసిన నిలువు గీత ఆధారం దాటి పడితే వస్తువు పడిపోతుందని బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. నాలుగో సెకనుకి నా గీత పక్కాయన కుర్చీలో పడింది. వెనకాలే నేనూ పడ్డాను. ట్రెజరర్‌గారు మైకు స్టాండు పట్టుకుని పది దాకా లెక్కపెట్టారు, స్టాండు తూగింది. ఒక పాస్ట్ ప్రెసిడెంటుగారు శాలువా అడ్డం వస్తోంది గానీ లేకపోతేనా అన్నారు. ఆడవాళ్ల వరసలో మా ఆవిడ ఒంటికాలి మీద నిలబడి, అదే ఊపులో ఫోన్లో కోడలికి చింతపండు ఎంత నానబెట్టాలో చెబుతోంది. పది దాటి చాలాసేపయిందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

అప్పుడు సేవా కార్యక్రమం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి 20 మంది 'వృద్ధుల్ని' ఆటోల్లో తెప్పించి చేతికర్రలు పంచాం. నా చేతికి వచ్చినాయన రైతు. దమ్ముల్లో నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాయి. వయసు అడిగితే 59 అన్నాడు. "సర్కారోళ్ల లెక్కలో ఇంకా ముసిలోణ్ని అవలేదు బావూ, పింసనుకి ఏడాది ఆగాలంట" అని నవ్వాడు. నాకు 67. నేను ముసలాణ్ని కాదని మా క్లబ్బు లెక్క, ఆయన ముసలాడు కాదని సర్కారు లెక్క. ఇద్దరు యువకులం కర్ర చెరో కొసా పట్టుకుని కెమెరా వైపు చూశాం. ఫోటో అయ్యాక నేను వేదిక దిగబోయాను. కర్ర చంకలో పెట్టుకుని ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "మెట్టుంది బావూ, సూసుకోండి" అన్నాడు. ఫోటోగ్రాఫర్ అది కూడా తీశాడు, ఖర్మ. మర్నాడు జిల్లా ఎడిషన్లో ఆ రెండోదే వేశారు. కింద 'వృద్ధుడికి చేయూతనిస్తున్న క్లబ్ సభ్యుడు' అని ఉంది. మనవడు అమెరికా నుంచి ఫోన్ చేసి, "తాతా, వృద్ధుడు బాగున్నాడా?" అని అడిగాడు. ఎవరి గురించి అడిగాడో నేను రెట్టించలేదు.

ఆ తర్వాత ఫెలోషిప్. మా క్లబ్బు భాషలో భోజనానికి పేరు అది. గారెలు ఎన్ని తిన్నామన్నది ఇక్కడ రాయను, మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

మొత్తం తెప్పించిన కర్రలు 24. మిగిలిన నాలుగూ స్టోర్ రూముకి వెళ్లాలి. వెళ్లలేదు. ఒకటి నా స్కూటర్ మీద మా ఇంటికొచ్చింది. పొద్దున్నే వాకింగులో కుక్కల బెడద ఎక్కువగా ఉందని మా ఆవిడతో అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. అలా ఏమీ అనకపోవడం ఆవిడకి నలభై ఏళ్ల అలవాటు.

మర్నాడు పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీదికి వెళ్లాను. బెంచీ మీద ట్రెజరర్‌గారున్నారు. ఆయన మోకాళ్ల మధ్య కూడా ఒక కర్ర, పిడికి క్లబ్బు స్టిక్కరు ఇంకా అంటుకునే ఉంది.

"కుక్కలకా?" అన్నాను.

"కుక్కలకే. మీదీ?"

"కుక్కలకే."

కూర్చున్నాను. కాసేపటికి ఒక ఊరకుక్క నెమ్మదిగా వచ్చి, మా ఇద్దరి కర్రల మధ్య చుట్టచుట్టుకుని కళ్లు మూసుకుంది. తోలాలంటే కర్ర ఎత్తాలి, కర్ర ఎత్తితే దేన్ని పట్టుకుని లేవాలి? ఆయన నా వైపు చూశారు. నేను కోనేరు వైపు చూశాను.

"మీరు తోలండి మాస్టారూ," అన్నారు చివరికి. "నాకన్నా ఏడేళ్లు చిన్నవారు కదా."