ఆవిడ ఫోన్ నంబర్ తీసేయాలట

ఇప్పుడే ఫోన్ పెట్టేశా. ఒళ్లు ఇంకా మండుతోంది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

పొద్దున మా ట్రస్ట్ పేజీలో ఒక వీడియో పెట్టా కదా, శ్రీకాళహస్తి కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో చేత్తో బొమ్మలేసే పని, ఆ గీత వేసేది, నలభై సెకన్లది. మీలో చాలామంది చూసే ఉంటారు, నా వాల్ మీద కూడా షేర్ చేశా. మ్యూజిక్ లేదు, డ్రోన్ షాట్ లేదు, ఒక చెయ్యి, ఒక వెదురు పుల్ల, ఒక గుడ్డ, అంతే. కింద ఆ గీసినావిడ పేరు, ఊరు, ఫోన్ నంబర్ రాశా, ఆవిడని అడిగే రాశా, ఒకటికి రెండుసార్లు అడిగా. మధ్యాహ్నానికల్లా మా పేజీలో ఇంతవరకు దేనికీ రానన్ని షేర్లు. సరిగ్గా అప్పుడు మా ఛైర్మన్ గారి ఫోన్. మెచ్చుకోడానికేమో అనుకుని, సిగ్గు లేకుండా, ఫోన్‌ని చార్జర్ నుంచి పీకి బాల్కనీలోకి పరిగెత్తి మరీ ఎత్తా.

"అమ్మా, ఆ నంబర్ తీసెయ్."

"ఎందుకు సార్, ఆవిడ ఒప్పుకునే ఇచ్చారు."

"అది కాదమ్మా. అందరూ డైరెక్ట్‌గా ఆవిడకే ఫోన్ చేస్తే ఇంక ట్రస్ట్ ఎందుకు?"

చూడండి, ఈ ప్రశ్న నేనడగలేదు, ఆయనే అడిగారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతివృత్తుల వాళ్లని కొనేవాళ్లకి పరిచయం చేయడం మా ఆశయాల్లో మొదటిది, ట్రస్ట్ డీడ్‌లో రాసి ఉంది, నేను చదివాను, బహుశా నేనొక్కదాన్నే చదివాను. ఆ మొదటి ఆశయం పొరపాటున ఒక్క పూట నెరవేరేసరికి ఫోన్ వచ్చింది. అంతటితో ఆగారా, "ముందు ఒక పదిహేను సెకన్లు జ్యోతి ప్రజ్వలన బిట్ కలుపమ్మా, లోగో కూడా కాస్త పెద్దగా రావాలి" అన్నారు. ఆ జ్యోతి ప్రజ్వలనలో ఉన్నది ఎవరో చెప్పక్కర్లేదుగా.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, నేను ఈ ట్రస్ట్‌లో 'పబ్లిసిటీ చూసుకునే ట్రస్టీ'ని. జీతం లేదు, నేనడగలేదు కూడా, ఇష్టపడే వెళ్లా. పదిహేనేళ్లు యాడ్ ఏజెన్సీలో సబ్బులూ బిస్కట్లూ అమ్మిపెట్టాను, ఇకనైనా ఒక మంచి పనికి ఆ తెలివి పనికొస్తుందని వెళ్లా. వెళ్లాక తెలిసింది ట్రస్టీ అంటే ఏంటో. మిగతా ట్రస్టీలందరూ మీటింగులో అభిప్రాయాలు చెప్తారు, పబ్లిసిటీ ట్రస్టీ మాత్రం ఫ్లెక్సీ డిజైన్ చేయిస్తుంది, ఆహ్వాన పత్రికలో ఎవరి పేరు పైన ఎవరిది కింద అనే పంచాయితీ తీరుస్తుంది, రాత్రి పదకొండుకి "ఆ ఫొటోలో నా కళ్లు మూసుకున్నాయి, వేరేది పెట్టు" అనే మెసేజికి "సరే సార్" అంటుంది. ఓసారి సంక్రాంతి శుభాకాంక్షల బొమ్మలో ఉపాధ్యక్షుల వారి ఫొటో ఛైర్మన్ గారి ఫొటో కన్నా ఒక పిసరు పెద్దదైందని నాలుగు రోజులు గ్రూపులో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. నిజం, నాలుగు రోజులు. నా జీవితంలో అంత ప్రశాంతమైన సంక్రాంతి లేదు.

సరే, ఆ వీడియోలో అసలు ఏముందో చెప్తా, ఎందుకంటే ఆయన దాన్ని "ఏదో గుడ్డ మీద గీతమ్మా" అన్నారు.

ఆ గుడ్డని ముందు కరక్కాయ పొడి, బర్రెపాలు కలిపిన దాంట్లో ముంచి ఆరబెడతారు. పాలల్లో కొవ్వు ఉంటుంది కాబట్టి రంగు అటూ ఇటూ పాకదు. కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల, దానికి పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు, అది రంగుని పీల్చి పెట్టుకుంటుంది, వేళ్లతో నొక్కే కొద్దీ మొనకి దిగుతుంది. నలుపు రంగుని కసిమి అంటారు, తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టింది. కుండలో చూస్తే అది నల్లగా ఉండదు, పల్చటి టీ నీళ్లలా ఉంటుంది. ఆవిడ గీత గీస్తుంటే కలం వెనకాలే ఆ గీత నల్లబడుతూ వస్తుంది, కరక్కాయలో వగరు ఇనుముకి తగిలి. కలం ముందుకి పోతుంటే నలుపు దాన్ని తరుముకుంటూ వస్తున్నట్టు ఉంటుంది, రబ్బరు పెట్టి చెరపడానికి లేదు, తప్పు పోతే పోయినట్టే. ఆవిడ మొహం కూడా చూపించలేదు నేను, ఆ వేళ్లే చూపించా, గోళ్ల చుట్టూ ఎప్పటికీ పోని నల్ల మరక. జనం దానికే కదా ఆగి చూసింది! జ్యోతి ప్రజ్వలనకి ఎవడాగుతాడండీ?

కోశాధికారి గారిది ఇంకో బాధ. ఆయనకి సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద డబ్బులిచ్చే కంపెనీకి పంపడానికి ఫొటోలు కావాలి. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలంది, మంచిదే, కాదనను, కానీ ఆ రెండు శాతంలో ఏ కొంచెమో మా దాకా రావాలంటే కళాకారులు చెక్కు పట్టుకుని నవ్వుతున్న ఫొటో ఉండాలట. "కాస్త పేదరికం కనపడాలి మేడం, కానీ మరీ దీనంగా ఉండకూడదు." అచ్చం ఇదే మాట. పేదరికం కూడా ఎలా కనపడాలో బ్రీఫ్ ఇచ్చే క్లయింట్‌ని సబ్బుల కంపెనీల్లో కూడా చూళ్లేదు నేను.

అసలు ఇవాళ్టి కోపం ఇవాళ్టిది కాదు లెండి. రెండేళ్ల కిందటి వార్షికోత్సవం. ఇంతవరకు ఎక్కడా రాయలేదు, ఇప్పుడు రాస్తున్నా.

ఇదే ఆవిడని రప్పించాం. 'లైవ్ డెమో' అని ఫ్లెక్సీ మీద నేనే వేయించా. రాత్రంతా బస్సులో కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది పాపం. ఇచ్చింది బస్సు టికెట్లు, భోజనం కూపన్లు రెండు. రోజు కూలి ఏదండీ అని కమిటీలో అడిగితే "పబ్లిసిటీ వస్తుంది కదమ్మా ఆవిడకి" అన్నారు. ఏ పబ్లిసిటీ? నంబర్ పెట్టనివ్వని పబ్లిసిటీయా? కూర్చోబెట్టింది ఎక్కడా, హాలు బయట, టాయిలెట్లకి వెళ్లే దారిలో, ఫ్యాను లేదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా గీస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి నన్ను పిలిచి మెల్లగా, "ఇంగెంతసేపు కూచోవాల మేడం, కసిమి అయిపోతా ఉంది" అంది. నేనేం చెప్పా? "ఇంకాసేపు అక్కా, ముఖ్య అతిథి ఇంకా రాలేదు" అన్నా. అన్నది నేనే. ఒప్పుకుంటున్నా.

ముఖ్య అతిథి వచ్చారు. సన్మానం. మా ఛైర్మన్ గారు మైకు పట్టుకుని నకిలీ ప్రింట్ల మీద గంభీరంగా మాట్లాడారు, భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చింది, 2003లో అమలైంది, శ్రీకాళహస్తి కలంకారీకి ఆ గుర్తింపు ఉంది, ఎవరు పడితే వాళ్లు ఆ పేరు వాడకూడదు, చప్పట్లు. ఆ ప్రసంగం రాసిచ్చిందీ నేనే. చప్పట్లు ఆగకముందే శాలువా తీసి అతిథి గారి భుజాల మీద కప్పారు. ఆ శాలువా... పాలిస్టర్. డిజిటల్ ప్రింట్. దాని మీద నెమళ్లు, కలంకారీ నెమళ్లే, మెషిన్ కొట్టినవి, పన్నెండు నెమళ్లూ ఒక్క గీత తేడా లేకుండా కవల పిల్లల్లా. హోల్‌సేల్‌లో డజను తెచ్చారంట, మిగిలినవి వచ్చే ఏడాదికి దాచారు.

(పెడన, మచిలీపట్నం వాళ్లు నా మీదకి రాకండి, మీరు చెక్క అచ్చులతో అద్దే కలంకారీ వేరు, అదీ చేతిపనే, దాని గొప్ప దానిదే. నేను తిట్టేది మెషిన్ ప్రింట్ పాలిస్టర్‌ని.)

తలుపు దగ్గర నిలబడి ఆవిడ చూసింది ఆ శాలువాని. ఏమీ అనలేదు. కూతురు మాత్రం ఫక్కున నవ్వింది.

అదే రోజు ఇంకో మాట కూడా పడింది నాకు. ఫ్లెక్సీ మీద 'అంతరించిపోతున్న అద్భుత కళ' అని నా అక్షరాలే, పెద్దవి. వెళ్లేటప్పుడు ఆవిడ దాని కింద నిలబడి చదువుకుని, "అంతరించిపోతా ఉందని ఎందుకు రాసినారు మేడం, నేనింకా బతికే ఉండా గదా" అంది. కోపంగా కూడా కాదు, నిజంగా అర్థం కాక అడిగింది. పదిహేనేళ్ల యాడ్ ఏజెన్సీ అనుభవం ఉన్న నా నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. మనకి అలవాటైపోయింది, ఏ చేతిపని గురించి రాసినా ముందు దానికి చావు వాసన పూయాలి, అప్పుడే విరాళాలొస్తాయి. ఆ తర్వాత ఆ మాట ఏ క్యాప్షన్‌లోనూ వాడలేదు. "ఎమోషన్ తగ్గింది" అని కంప్లైంట్.

కమలాదేవి చట్టోపాధ్యాయ గారి ఫొటో మా ఆఫీసు గోడకి దండతో సహా ఉంది. 1952లో పెట్టిన అఖిల భారత హస్తకళల బోర్డుకి తొలి అధ్యక్షురాలు, శ్రీకాళహస్తిలో ఈ పని నేర్పే కేంద్రం మొదలవడానికి కారకురాలు. ఆ బోర్డుని 2020లో రద్దు చేశారు, చేనేత దినోత్సవానికి కొన్ని రోజుల ముందే. అప్పుడు మా ట్రస్ట్ ఒక ఖండన కూడా ఇవ్వలేదు, "మనకెందుకమ్మా రాజకీయాలు" అన్నారు. దండ మాత్రం ప్రతి శుక్రవారం మారుస్తారు.

సరే ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో వెళ్లిపోయా. నంబర్ తీయలేదు నేను. తీయను. సాయంత్రం ఆవిడకి ఫోన్ చేశా, అప్పటికే పదకొండు మంది చేశారట, ఇద్దరు చీరలు అడిగారట, ఒకాయన ఊరికే "మీ చెయ్యి బాగుంది" అని చెప్పి పెట్టేశాడట. ఆవిడ నవ్వుతూనే ఉంది. "ఎవురో మీ ట్రస్ట్ సారంట, ఆయన గూడా చేసినాడు మేడం, వచ్చే ఆర్డర్లన్నీ మాకు చెప్పాల అన్నాడు." అప్పుడు లేచింది నాకు ఈ మంట.

గ్రూపులో ఇప్పుడే నోటీసు పడింది. ఆదివారం అత్యవసర సమావేశం, ఎజెండాలో ఒకటే అంశం, 'సోషల్ మీడియా క్రమశిక్షణ'. ఒక పెద్దావిడ విడిగా మెసేజ్ పెట్టారు, గొడవెందుకమ్మా, గౌరవంగా రాజీనామా ఇచ్చెయ్, మంచి సన్మానం చేసి పంపిస్తాం అని. ఆంటీ, సన్మానానికి నేను సిద్ధమే, కానీ ఆ డజనులో ఇంకా ఎన్ని శాలువాలు మిగిలాయో ముందు చెప్పండి.