గర్భిణికి ఆ కొన్ని నెలలకైనా ఇన్సులిన్ పంపు అరువివ్వలేమా?

ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్-1 మధుమేహం ఉన్న గర్భిణికి రాత్రి రెండు గంటలంటే ఏమిటో ఇంట్లోవాళ్లకు కూడా పూర్తిగా తెలియదు. చెమటలు పట్టి మెలకువ వస్తుంది. లైటు వేసి, ఇప్పటికే చుక్కలు పడ్డ వేలికొనలో మళ్లీ సూది గుచ్చుకుంటుంది. మీటరు 52 చూపిస్తే చక్కెర నీళ్లు తాగుతుంది. తెల్లవారేసరికి అదే షుగర్ 190. కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందేమోనన్న భయం వేరు.

ఈ కాపలాను చాలావరకు యంత్రానికి అప్పగించవచ్చని బ్రిటన్‌లో 124 మంది టైప్-1 గర్భిణులపై జరిగిన ఎయిడాప్ట్ అధ్యయనం 2023లో చూపింది. చర్మానికి అతికించిన సెన్సర్ షుగర్‌ను కనిపెట్టి ఉంటుంది. ఫోనులోని యాప్ లెక్క కడుతుంది. పంపు కొన్ని నిమిషాలకొకసారి ఇన్సులిన్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. గర్భిణుల షుగర్ 63 నుంచి 140 మధ్య ఉండాలి. మామూలు పద్ధతిలో ఉన్నవారికి రోజులో 56 శాతం సమయమే అలా ఉంటే, ఈ పంపు వాడినవారికి 68 శాతం ఉంది. మరుసటి ఏడాదే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ యాప్‌ను గర్భిణులకూ అనుమతించింది. అన్ని పంపులూ ఒకటే అనుకోకూడదు. బెల్జియం, నెదర్లాండ్స్‌లలో పరీక్షించిన మరో రకం రాత్రిపూట మేలు చేసింది కానీ, రోజంతా కలిపి చూస్తే పెద్ద తేడా చూపలేదు.

మన దగ్గర గర్భిణికి షుగర్ అంటే ఎక్కువగా గర్భంతో వచ్చినదే. 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత 140కి చేరిందా అని చూసే పరీక్షలో బయటపడేది అదే. వారిలో చాలామందికి ఆహార నియమం, అవసరమైతే మందులు చాలు. పంపు కావలసింది టైప్-1 ఉన్న కొద్దిమందికి. ఖర్చు ఎక్కువని పక్కన పెట్టేవారు ఈ మాటే మరచిపోతున్నారు.

తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది, స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది. ఇలాంటి చోట కొన్ని పంపులు ఉంచి, గర్భం తెలిసిన వెంటనే అరువిచ్చి, తర్వాత తిరిగి తీసుకోవచ్చు. సెన్సర్లు, గొట్టాలే ఎప్పటికప్పుడు కొనాలి. అయితే కాన్పు రోజునే పంపు విప్పేయకూడదు. మాయ బయటపడగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది. పాలిచ్చే తల్లికి రాత్రిళ్లు షుగర్ పడిపోయే ముప్పు ఉంటుంది. కాన్పు తర్వాత కనీసం ఆరు నెలలు పంపు ఆమె దగ్గరే ఉండాలి.

ఇంకో పని మనమే చేసుకోవాలి. ఎంత తింటున్నదో తినేముందు పంపుకు చెప్పాల్సింది ఆమే, అదీ పిండిపదార్థం గ్రాముల్లో. కుప్పం నుంచి వచ్చిన ఆమె కంచంలో రాగిసంకటి ముద్ద ఉంటుంది. అందులో రాగిపిండి ఎంతో, బియ్యం ఎంతో ఇంటింటికీ మారుతుంది. ముద్దను తూచి, నంజుకునే ఊరిబిండితో సహా లెక్క కట్టి, తెలుగులో ఒక పట్టిక రాసి ఆమె చేతికివ్వాలి. ఆసుపత్రి వంటగదిలో ఒక తక్కెడ ఉంటే ఆ పట్టిక వారంలో తయారవుతుంది.