32 లక్షల మిగులు

దేశంలో పొదుపు అలవాటు తగ్గిపోతోందని ఆర్థికవేత్తలు తెగ దిగులు పడుతున్నారు. వాళ్లెవరూ హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోకి తొంగి చూసినట్టు లేదు. అక్కడ, పిల్లల్ని బడికి దింపే బుద్ధిమంతురాలైన చిన్న కారు పక్కన, కవరు కప్పుకుని ఓ 2013 మోడల్ బీఎండబ్ల్యూ 320డీ నిద్రపోతూ ఉంటుంది. కొత్తలో రోడ్డెక్కేసరికి అటూ ఇటుగా 40 లక్షలు అయిన బండి. మన గృహస్థు కొన్నది 8 లక్షలకి. అంటే ఒక్క సంతకంతో 32 లక్షలు మిగిల్చాడు! ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇస్తుందండీ ఇంత?

ఈ 32 లక్షలు పాస్‌బుక్‌లో కనపడవు. అయినా ఉన్నాయి. ఇకమీద బండికి ఏ ఖర్చొచ్చినా ఆ మిగుల్లోంచే పోతుంది తప్ప జీతంలోంచి పైసా కదలదు. నలుగురు కూర్చుని ఆలోచిస్తే ఎవరికైనా అర్థమయ్యే లెక్కే. ఇల్లాలు ఒక్కతే కూర్చుని ఆలోచించడం వల్ల వచ్చింది చిక్కు.

బండి ఢిల్లీ నుంచి వచ్చింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ అంటే, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. ఉత్తరాది వాళ్లు వదిలించుకున్న కాలుష్యాన్ని ఎన్ఓసీ (అక్కడి ఆర్టీవో అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి మరీ ఆహ్వానించే పెద్ద మనసు మనది. 'సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి' అన్నాడు బ్రోకర్. ఈ దేశంలో పాత బండ్లన్నీ డాక్టర్లవే ఎందుకవుతాయో అడగడం మర్యాద కాదు. మీటర్ 60 వేల కిలోమీటర్లే చూపిస్తోంది. స్టీరింగ్ మీద తోలు మాత్రం అరిగి అద్దంలా మెరుస్తోంది, బ్రేక్ పెడల్ రబ్బరు మీద గీతలు పూర్తిగా చెరిగిపోయాయి. డాక్టర్ గారు ట్రాఫిక్‌లో ఎక్కువ ఆగేవారు కాబోలు.

ఇంటికొచ్చిన కొత్తలోనే బ్యాటరీ పోయింది. మామూలు బండికైతే వీధి చివర కుర్రాడు వచ్చి పది నిమిషాల్లో మార్చిపోతాడు. దీనికి అలా కుదరదు. కొత్త బ్యాటరీ పెట్టాక ల్యాప్‌టాప్ తగిలించి, 'అయ్యా, తమరికి బ్యాటరీ మార్చాం' అని బండి కంప్యూటర్‌కి నమోదు చేయాలి. చేయకపోతే అది పాత బ్యాటరీ అనుకునే ఛార్జింగ్ పెడుతూ పోతుంది. స్టెప్నీ ఉండదు. పంక్చరైనా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు ఇచ్చారు. మన గుంతల్లో అవి ఉబ్బితే ఒక్కో టైరు ధర విని కాసేపు కూర్చోవాలి.

అసలు ఘనత టైమింగ్ చైన్‌ది, అంటే ఇంజిన్ లోపలి భాగాల్ని ఒకే తాళంలో తిప్పే గొలుసుది. అప్పటి 320డీ ఇంజిన్లో చైన్‌ని ముందువైపు పెట్టకుండా వెనక, గేర్‌బాక్స్ వైపు పెట్టారు. అది సాగితే చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే గరగరమంటుంది. కొన్ని వేలు చేసే ఆ చైన్‌ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, లేదా ఇంజినే పైకి లేపాలి. మన గృహస్థుకి మాత్రం టెన్షన్ లేదు. మిగుల్లోంచి ఇంత తీసేశాడు, అంతే.

ఇన్ని చేసి ఎక్కడ తోలతాడంటే, ఆదివారం తెల్లారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద. 158 కిలోమీటర్ల రోడ్డు, 120 వేగ పరిమితి. బండేమో 230 దాకా పోగలదు. పరిమితి పైన వాడకుండా మిగిలిపోయే ఆ 110 ఉంది చూశారూ, అది కూడా 32 లక్షల్లాంటిదే. మిగతా ఆరు రోజులూ కొండాపూర్ స్పీడ్ బ్రేకర్ల మీద బండిని ఏటవాలుగా, ఊపిరి బిగబట్టి దాటిస్తుంటాడు. పక్క ఆటో అన్న జాలిగా దారి ఇస్తాడు.

మొన్న మెకానిక్ ఫోన్ చేశాడు. "సార్, యాక్సిడెంట్ అయిన సేమ్ మోడల్ ఒకటి 3 లక్షలకి వచ్చింది. కొని పక్కన పడేస్తే పార్టులకి ఢోకా ఉండదు."

గృహస్థు వెంటనే లెక్కేశాడు. 40లోంచి 3 పోతే 37. పాత మిగులు ఇంకా 27 దాకా ఉంది. మొత్తం 64 లక్షలు, ఇంటి లోను తీర్చేయగా ఇంకా చేతిలో ఉంటాయి. ఇప్పుడు సెల్లార్లో ఇంకో పార్కింగ్ అద్దెకి దొరుకుతుందేమోనని వాచ్‌మన్‌ని కనుక్కుంటున్నాడు.