‘ఇంకో పది ట్రేలేగా అన్నా’ గారికి

మహారాజశ్రీ ‘ఇంకో పది ట్రేలేగా అన్నా’ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుశలంగా ఉన్నది తమరొక్కరే. నిన్న మధ్యాహ్నం చిత్తూరు ఇంకా రాకముందే పికప్ వెనక ఎడమ కమాన్ కట్టలో (బండి బరువు మోసే ఇనప పట్టీల బొత్తిలో) మెయిన్ పట్టీ రెండు ముక్కలైంది. టమోటా నాలుగు గంటలు రోడ్డు పక్కన ఉడికింది. చెన్నై కోయంబేడు మార్కెట్ బేరం ఆ పూటకి చేజారింది.

తమరు మదనపల్లె మండీలో సరిగ్గా డాలా (బండి వెనక తలుపు) వేయబోయే క్షణంలో ప్రత్యక్షమవుతారు. 50 ట్రేలు, ట్రేకు 30 కిలోలు, మొత్తం 1,500. బండి మోత అంతే. అప్పుడొస్తుంది తమరి గొంతు: "పట్టేస్తాయిలే అన్నా!" కిరాయి మాత్రం 50కే. ఖాళీ ట్రేల బరువు ఎవరూ లెక్కెయ్యరు, అది వేరే ఏడుపు.

ఆ పది ఎక్కడ కూర్చుంటాయో తమరెప్పుడైనా చూశారా? ముందు జాగా లేదు గనక డాలా దించి, గొలుసుల మీద, తోకన. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య సుమారు 3 మీటర్లు. వెనక ఇరుసుకు మీటరు అవతల 300 కిలోలు పెడితే ఇరుసు మీద పడేది 300 కాదు, 400. ఆ పైనున్న 100 ముందు చక్రాల నుంచి లేచిపోయిన బరువు. ఇంకేముంది, స్టీరింగ్ తేలిపోతుంది, హెడ్‌లైట్లు చింతకొమ్మల్లో పిట్టల్ని లేపుతాయి.

దీనికీ తమరి దగ్గర మందుంది: "ఒక పట్టీ ఎక్కించెయ్ అన్నా." ఎక్కిస్తే వంగడం తగ్గుతుంది, అంతే. ఇరుసు అదే, హబ్ బేరింగ్ అదే, టైర్లు అవే. ఎల్‌ఎస్‌పీవీ (బరువును బట్టి వెనక బ్రేకును సర్దే వాల్వు) ఉన్న బండికైతే ఇంకో ముప్పు. ఆ వాల్వు బాడీ ఎంత కిందికి దిగిందో చూసి వెనక బ్రేకులకు ప్రెషర్ ఇస్తుంది. పట్టీ పెంచాక బాడీ దిగదు. వాల్వు ఖాళీ బండేమో అనుకుని ప్రెషర్ కోసేస్తుంది. బరువంతా వెనక, బ్రేకంతా ముందు, ముందేమో తేలుతోంది. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతుంటే ఆ మలుపులో నువ్వుంటావా? ఉండవు. డ్రైవరుంటాడు, పక్కన కునుకుతీస్తూ క్లీనరుంటాడు. నువ్వు మండీలో ఇంకో బండి పక్కన నిలబడి అదే పాట పాడుతుంటావు.

కొత్త పట్టీ ఎక్కాక రెండొందల కిలోమీటర్లు తిరిగి, కట్టని ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించాలి. నీ తొందరకి ఆ పావుగంట ఎవరిస్తారు? కట్ట వదులైతే పట్టీ, అన్నిటినీ కలిపి గుచ్చే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే చిట్లుతుంది. నిన్న విరిగింది అక్కడే. బోల్టే తెగి ఉంటే ఇరుసు ఓ పక్క వెనక్కి జారి బండి పీతలా నడిచేది.

2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000, పైన టన్నుకు 2,000. కట్టేది నువ్వా?

ఇట్లు,
జాకీ పక్కనుంచి

తా.క.: మెయిన్ పట్టీ రెండు వైపులా కొత్తది పడింది. ఒకపక్కే మారిస్తే బండి వాలుతుంది. నువ్వు పెట్టించిన ఎక్స్‌ట్రా పట్టీ పీకేశాం. డాలాకి తాళం కూడా పడింది. రేపు మండీకొచ్చి అరుచుకో, చూస్తాం.