పెట్ స్కాన్ అంటే క్యాన్సరే కాదు, మన జిల్లాకు గామా కెమెరా కావాలి

చీటీ మీద పెట్ స్కాన్ అని రాస్తే చాలు, మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. మా మావయ్యకి రాసినప్పుడు అత్త "ఏటి బాబూ, క్యాన్సరా?" అని డాక్టరు చేతులు పట్టుకుని ఒకటే ఏడుపు. జ్వరం ఎక్కణ్నుంచి వస్తోందో వెతకడానికమ్మా అని ఆయన ఎంత చెప్పినా నమ్మలేదు.

మావయ్యకి డయాలసిస్ నడుస్తోంది. వారాల తరబడి జ్వరం, నడుం నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఎముకకి ఇన్‌ఫెక్షన్ పట్టినా ఎక్స్‌రేలో తేలడానికి రెండు వారాలో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. పెట్‌లో వెన్నుపూసల దగ్గర మెరిసింది. సూదితో ముక్క తీసి చూస్తే టీబీ!

ఆ స్కాన్‌కి ఎక్కించేది రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన చక్కెర లాంటి మందు. క్యాన్సర్ కణాలు చక్కెర ఎక్కువ లాక్కుంటాయి, నిజమే. ఇన్‌ఫెక్షన్ మీద పోరాడే తెల్లకణాలూ లాక్కుంటాయి. కాబట్టి మెరిసిందల్లా క్యాన్సర్ కాదు. పైగా ఈ మందు సీటీ స్కాన్‌కి ఎక్కించే డై లాగా కిడ్నీల మీద భారం వెయ్యదు. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న మా ప్రాంతానికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ సోంపేట నుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైమాటే. జ్వరంతో, పరగడుపున, డయాలసిస్ లేని రోజు చూసుకుని వెళ్లాలి. పెట్ మందు 110 నిమిషాలకు సగమైపోతుంది, ఊరూరా పెట్టలేరు, ఒప్పుకుంటాను. ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు ఎక్కడ చేరిందో బొమ్మ తీసే ఇంకో యంత్రం గామా కెమెరా. దానికి ఆ ఇబ్బంది లేదు. దానికి వాడే టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం, జనరేటర్ అని పిలిచే చిన్న పరికరంలో పుడుతుంది (కరెంటు జనరేటర్ కాదు). ఒకటి తెప్పిస్తే వారం పాటు రోజూ పాలు పితికినట్టు తీసుకోవచ్చు. షుగరు పుండు ఎముక దాకా పోయిందా అన్న అనుమానానికి ఈ కెమెరాతో తీసే బోన్ స్కాన్ (ఎముకల స్కాన్) పనికొస్తుంది. అదీ తేల్చకపోతే రోగి నెత్తురే కొంచెం తీసి, తెల్లకణాలు వేరుచేసి, వాటికి టెక్నీషియం అంటించి తిరిగి ఎక్కిస్తారు. అవి ఇన్‌ఫెక్షన్ ఉన్నచోటికి వెళ్లి చేరతాయి. వెన్నెముక విషయంలో మాత్రం ఇది అంతగా పనిచెయ్యదు, దానికి పెట్ స్కానే మేలు.

శిక్షణ ఉన్న మనుషులు, శుభ్రమైన ల్యాబు, అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి కావాలి, తెలుసు. 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెచ్చుకున్నాం కదా! శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో గామా కెమెరా పెట్టమని మన ఎమ్మెల్యేలు గట్టిగా అడగాలి. మీ ఊళ్లోకి వచ్చినప్పుడు మీరూ అడగండి.