గమ్యం చేర్చిన నావిగేషన్ గారికి

మహారాజరాజశ్రీ డ్యాష్‌బోర్డు వాస్తవ్యులు, పది అంగుళాల తెర గల నావిగేషన్ గారి దివ్య సముఖమునకు, నిజాంపేట నుంచి మీ సొంతదారు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరక్కడ క్షేమమని తలుస్తాను. అక్కడ అంటే ఎక్కడ అని మాత్రం అడగను. ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదని మొన్న ఆదివారం తెలిసింది.

ఆదివారం సంగతి ఎత్తే ముందు మర్యాదకు నాలుగు మంచి మాటలు. మీ వంశం తక్కువదేమీ కాదు. 1981లో జపాన్‌లో హోండా వాళ్ళు కార్లో పెట్టిన మీ పూర్వీకుడికి ఉపగ్రహాల సాయం కూడా లేదు. లోపల ఒక గైరోస్కోపు, చక్రాలు ఎంత తిరిగాయన్న లెక్క, తెర మీద పరిచే పారదర్శకపు మ్యాపు షీటు. అంతే. ఊరు మారితే డ్రైవరే షీటు మార్చుకోవాలి. మరి మీకో? ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు ఊడిగం చేస్తున్నాయి. నాలుగు దొరికితే చాలు, మనం భూమ్మీద ఎక్కడున్నామో తేల్చేస్తారు. నా పెళ్ళిలో పురోహితుడు పట్టపగలు అరుంధతి నక్షత్రం చూపిస్తే, కనపడకపోయినా కనపడిందని తలూపినవాణ్ణి నేను. పట్టపగలు నాలుగు ఉపగ్రహాలను నిజంగానే చూడగలిగిన మీకు, దుర్గం చెరువు మీద తీగల వంతెన ఎందుకు కనపడలేదండీ?

అది తెరిచింది 2020 సెప్టెంబరులో. మిమ్మల్ని నేను ఇంటికి తెచ్చుకుంది 2021 దసరాకు. నిమ్మకాయలు తొక్కించిన మర్నాడే వంతెన ఎక్కాం. తెర మీద చూస్తే నీలం రంగు నీళ్ళ నడిమధ్యలో మన కారు ఈదుతోంది. మీరేమీ కంగారు పడలేదు. వీలైన చోట యూటర్న్ తీసుకోమన్నారు. వెనక సీట్లోంచి మా అమ్మాయి "నాన్నా, నీకు ఈత వచ్చా?" అంది. తర్వాత షేక్‌పేట ఫ్లైఓవర్ మీద వెళ్తుంటే కింద సిగ్నల్ దగ్గర కుడివైపు తిరగమన్నారు. పైనుంచి దూకి తిరగమనా, తిరిగి దూకమనా అన్నది చెప్పలేదు. సూర్యాపేట 2016లోనే జిల్లా అయింది కదా, మీ జాబితాలో ఇంకా నల్గొండ కిందే కాపురం చేస్తోంది. మీ నోట నిజాంపేట "నైజామ్ పెట్" అవుతుంది. పోనీ, పిల్లికో కుక్కకో పేరు పెట్టారనుకున్నాం.

ఇవన్నీ ఎందుకు సర్దుకున్నానంటే, డబ్బు పోసింది నేను కాబట్టి. మధ్య మోడల్ చాలని మా ఆవిడ మొత్తుకున్నా వినకుండా, మీకోసమే టాప్ మోడల్‌కు లక్షా పది వేలు ఎక్కువ కట్టాను. (సన్‌రూఫ్ కూడా వచ్చింది. ఇప్పటికి రెండుసార్లు తెరిచాం. రెండోసారి పావురం.) షోరూమ్‌లో టై కట్టుకున్న కుర్రాడు "మూడేళ్ళు మ్యాప్ అప్‌డేట్లు ఫ్రీ సార్" అన్నాడు. మాట తప్పాడని అనను. ఆ మూడేళ్ళలో అప్‌డేట్ అనేదే రాలేదు, వచ్చి ఉంటే ఫ్రీగానే ఇచ్చేవాళ్ళు. నాలుగో ఏడు వచ్చింది. ఆరు వేల అయిదు వందలు.

మొన్న శుక్రవారం హాఫ్ డే లీవు పెట్టి సర్వీస్ సెంటర్లో కూర్చున్నాను. పెన్‌డ్రైవ్ గుచ్చి, ఇంజిన్ ఆపకుండా గంటా పావు. అరవై మూడు శాతం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి. అక్కడి అబ్బాయి నన్ను చూసి జాలిపడ్డాడు. "ఫోన్ కనెక్ట్ చేసుకోండి సార్, అందరూ అదే చేస్తారు. ఇన్‌బిల్ట్ వాడే కస్టమర్‌ని నేను మిమ్మల్నే చూస్తున్నా" అన్నాడు. నాకు రోషం వచ్చింది. పెరట్లో లక్షా పదహారు వేల అయిదు వందల చెట్టు పెట్టుకుని పక్కింట్లో కరివేపాకు అడుక్కోవడమేమిటని.

ఇక ఆదివారం.

మా ఆవిడ మేనకోడలి నిశ్చితార్థం. విజయవాడ హైవే దిగి కొంత లోపలికి వెళ్ళాలి. ఊరి పేరు కొత్తపల్లి అనుకుందాం. అసలు పేరు రాస్తే పెళ్ళివారు చదువుతారు, మేం దారిలో ఎక్కడ భోంచేశామో వాళ్ళకు తెలియకూడదు. ముహూర్తం పదకొండూ ఇరవైకి. మా బావమరిది ముందురోజే వాట్సాప్‌లో లొకేషన్ పంపాడు. ఫోన్లో అయితే దాని మీద వేలు పెడితే సరిపోయేది. కానీ మీరు వాట్సాప్ వాళ్ళతో మాట్లాడరు కదా. మీకు టైపు చేసి విన్నవించుకోవాలి, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. కారు కదులుతుంటే మీ కీబోర్డు పనిచేయదు, భద్రతట. అందుకని పంతంగి టోల్ దాటాక పక్కకు ఆపి మొదలుపెట్టాను.

కొత్తపల్లిని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఆ రోజు తెలిసింది. 'త' ఒత్తుకు ఒక టీ పెట్టాలా, రెండు పెట్టాలా, పక్కన హెచ్ ఉండాలా? చివర్లో ఆంధ్రా వాళ్ళలాగా ఐ పెట్టాలా, తెలంగాణ బోర్డుల మీదిలాగా వై పెట్టాలా? ఒక్కో స్పెల్లింగుకు ఒక్కో జాబితా ఇచ్చారు మీరు. కొత్తపల్లి, కొత్తపల్లి, కొత్తపల్లి. పక్కన మండలం పేరు లేదు. ఎన్ని కిలోమీటర్లో మాత్రం ఉంది.

మనవాళ్ళ తప్పూ లేకపోలేదు. ఎవరో నలుగురు పాత ఊరు వదిలి వచ్చి గుడిసెలు వేసుకుంటే అది కొత్తపల్లి. వందేళ్ళయినా కొత్తదే. కరీంనగర్ పక్కన ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి, కాకినాడ దగ్గర ఉప్పాడను ఆనుకుని ఇంకొకటి. కానీ మనుషులు దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారండీ. ఊళ్ళక్కూడా ఇంటిపేర్లు పెట్టుకున్నారు. ఉప్పాడ దగ్గరది యు.కొత్తపల్లి. పోలవరం వేరు, ఐ.పోలవరం వేరు. విమానం ఎక్కడానికి గన్నవరం వెళ్ళాలి, పి.గన్నవరం వెళ్తే కోనసీమలో తేలతాం. బస్సు కండక్టరుకు తెలుసు, పోస్టుమ్యానుకు తెలుసు, పదో క్లాసు హాల్ టికెట్ పట్టుకున్న పిల్లాడికి తెలుసు. లక్షా పది వేల మీకు తెలియదు.

ఉన్నవాటిలో దగ్గరున్న కొత్తపల్లిని నొక్కాను. మీరు నడిపించారు. ఆ మాట ఒప్పుకోవాలి, ఎంత ధీమాగా నడిపించారని! చెరువు కట్ట మీదుగా, పత్తి చేల మధ్యగా, ఒకచోట ఎండు మిర్చి ఆరబోసిన సిమెంటు రోడ్డు మీదుగా. మా అమ్మాయి రెండుసార్లు "నాన్నా, మామయ్య పిన్ ఇటు చూపించట్లేదు" అంది. "అప్‌డేట్ మొన్ననే చేయించా" అన్నాను. ఊరి నడిబొడ్డున షామియానా కనపడింది. బయట కార్లు, బైకులు. లోపల బంతి భోజనాలు. హమ్మయ్య అనుకున్నాం. ఆవిడ పట్టుచీర సర్దుకుంది. అమ్మాయి లంగావోణీలో దిగింది. రంగు కాగితం చుట్టిన గిఫ్టు నా చేతిలో. కారు ఆగుతుండగా మీరు ఎంతో తృప్తిగా అన్నారు: "యూ హ్యావ్ అరైవ్డ్ ఎట్ యువర్ డెస్టినేషన్."

షామియానా ముందు కుర్చీలో దండ వేసిన పెద్దాయన ఫొటో.

పెద్దకర్మ.

ఏమే, నీకు కళ్ళున్నాయా? మీరూ గారూ ఇక నా వల్ల కాదు. వెనక్కి తిప్పేటప్పుడు వెనకున్న పూలకుండీని కూడా చూపిస్తావు కదా, ముందున్న దండ కనపడలేదా? ఆ ఇంటి ముందు ఆపి నా గమ్యం చేరానంటావా? అది అందరి గమ్యమే, కాదనను. అంత తొందరగా చేర్చమని నేను అడిగానా? ఆ వేదాంతానికా లక్షా పది వేలు?

తిప్పుకుని వచ్చేద్దామంటే అప్పటికే ఒక పెద్దావిడ వచ్చి మా ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. "ఇంత దూరం హైదరాబాద్ నుంచి వచ్చిన్రా బిడ్డా" అని. కాదు, మేం లడ్డూలు తినడానికి బయల్దేరాం అని ఎలా చెప్పాలి? గిఫ్టును అమ్మాయి ఓణీ చాటుకు లాక్కుంది. నేను ఫొటో ముందు నిలబడి దండం పెట్టాను. పెద్దాయన కొడుకు వచ్చి "నాయినతోటి ఎట్ల పరిచయం సార్?" అన్నాడు. "దారిలో" అన్నాను. అబద్ధం కాదు.

తినకుండా వెళ్ళనివ్వలేదు. వంకాయ కూర, పప్పుచారు, గారెలు. పెద్దాయనకు ఇష్టమని పాయసం. మా బంతి లేచేసరికి పన్నెండూ పది. అక్కడ మేనకోడలి వేలికి ఉంగరం ఎక్కి చాలాసేపయి ఉంటుంది. బయల్దేరేటప్పుడు నాకు అలవాటుగా "వెళ్ళొస్తాం" అనే మాట నోటి చివరిదాకా వస్తే మా ఆవిడ జబ్బ మీద గిల్లింది. అలాంటి ఇంట్లో ఆ మాట అనకూడదు. దారిలో బోరు పంపు కనపడగానే కారు ఆపించి, ముగ్గురి చేతా కాళ్ళు కడిగించి, నెత్తిన నీళ్ళు చల్లింది. నీ తెర మీద కూడా చల్లబోయింది. నేనే ఆపాను. ఎందుకు ఆపానా అని ఇప్పుడనిపిస్తోంది.

అసలు కొత్తపల్లి అక్కడికి నలభై ఆరు కిలోమీటర్లు. నువ్వు అప్పటికీ ఊరుకోలేదు. తిరిగి వస్తుంటే, గమ్యం వెనకే ఉండిపోయిందనుకుని, యూటర్న్ తీసుకోమని ఆరుసార్లు పిలిచావు. నిన్ను నోరు మూయించి చెరువు కట్ట మీద గొర్రెలు కాసే తాతను అడిగాం. "సక్కగ పోయి కట్ట మైసమ్మ గుడి కాడ ఎడమకు కొట్టున్రి" అన్నాడు. ఆయనకు అప్‌డేట్ అవసరం పడలేదు. అక్కణ్ణుంచి ఫోన్ అందుకుంది. మూడింటికి చేరితే, ఎంగిలాకులు ఎత్తుతున్న చోట మా బావమరిది ఎదురొచ్చి "బావగారూ, కార్లోనే మ్యాప్ ఉందన్నారుగా?" అన్నాడు. నలుగురిలో.

ఫోన్ పతివ్రత అని నేనేమీ అనడం లేదు. దానికి ట్రాఫిక్ ముందే ఎలా తెలుస్తుంది? మన జేబుల్లో ఉండి, ఎవడు ఎక్కడ ఆగాడో చాడీలు చెప్తుంది కాబట్టి తెలుస్తుంది. రెండు నిమిషాలు మిగులుతాయంటే చాలు, గేదెలు కట్టేసిన సందులో దూరుస్తుంది. 2024 మే నెలలో మన హైదరాబాద్ వాళ్ళు నలుగురు ఫోన్ మ్యాపును నమ్ముకుని కేరళలో, కొట్టాయం దగ్గర, కారుతో సహా వాగులోకి దిగారు. ప్రాణాలతో బయటపడ్డారు, అదృష్టం. నువ్వు మమ్మల్ని తెర మీద ముంచావు, అది నిజంగా ముంచింది. ఆ ఒక్క విషయంలో నువ్వే నయం.

ఇంకో విషయంలో కూడా. నిరుడు కార్తీకంలో శ్రీశైలం వెళ్ళాం. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల అడవిలోకి వెళ్ళేసరికి ఫోన్లో సిగ్నల్ పోయింది. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలన్న తెలివి నాకు లేదు. ఎక్కడ చూసినా బూడిద రంగు, మధ్యలో చుక్క. అప్పుడు ఒక్కదానివే మాట్లాడావు. మలుపు ముందు మలుపు, వంక ముందు వంక, ఎంతో నిదానంగా చెప్పుకుంటూ వెళ్ళావు. మ్యాపంతా నీ కడుపులోనే ఉంది కాబట్టి ఏ టవర్‌నూ అడుక్కోలేదు. పక్క సీట్లో మా అమ్మ "ఈ పిల్లెవరో బాగా చెబుతోందిరా" అంది. నల్లమలలో నాలుగు కొండల మధ్య రోడ్డు తెలిసినదానివి, నాలుగు లక్షల మంది తిరిగే చోట ఎందుకే అలా చేస్తావు?

సోమవారం పొద్దున్నే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను, నిన్ను పీకి ఇంటికి ఇచ్చేయమని. కుదరదన్నారు. ఏసీ బటన్లు కూడా నీ తెరలోనే ఉన్నాయట. నిన్ను పీకితే వైశాఖంలో మేం ఉడికిపోతాం. ఎంత ముందుచూపు! దారి చూపడానికి లేని ముందుచూపు ఉద్యోగం నిలుపుకోవడానికి ఉంది.

సరే, ఉండు. నీ పాత గమ్యాల జాబితా తెరిచి, ఆ కొత్తపల్లిని చెరిపేద్దామని వేలు పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు పెద్దాయన కొడుకు బైకు వేసుకుని మాకు ముందు చెరువు కట్ట దాకా వచ్చాడు. "సంవత్సరీకానికి కూడా రావాలె సార్, నాయిన సంతోషపడ్తడు" అన్నాడు. తప్పకుండా అన్నాను. దారిలో పరిచయమని చెప్పినవాణ్ణి, ఫోన్ నంబరు అడిగే ముఖం లేకపోయింది. అది ఏ మండలం కొత్తపల్లో కూడా అడగలేదు. ఫోన్లో ఆ ఊరి పిన్ లేదు. ఆ ఇల్లు ఎక్కడుందో మా ఇంట్లో తెలిసింది నీ ఒక్కదానికే.

వేలు తీసేశాను. అప్పటిదాకా ఇంకే అప్‌డేట్ చేయించను.

ఇట్లు,
పైకం కట్టినవాడు